పంచదార సీసా మీద పెన్సిలు గీత

సీసా మీద గీత గీసింది ఒక మంగళవారం పొద్దున్న. గాజు మీద పెన్సిలు పడదు కాబట్టి ముందు ఓ తెల్లకాగితం ముక్కను అన్నం మెతుకుతో అంటించి, పంచదార ఎంతవరకు ఉందో సరిగ్గా అంతవరకు దాని మీద గీశాను. సాయంత్రం పని నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా వంటగదిలోకి వెళ్లి చూశాను. పంచదార గీతకు బొటనవేలంత కిందికి దిగి ఉంది.

పొద్దున్న నేను తాగింది ఒక్క టీ. ఆ తర్వాత పగలంతా తలుపుకు తాళమే.

అప్పటికే వారం రోజులుగా నాకు అనుమానంగా ఉంది. ఆరు ఉల్లిపాయలు ఉండాల్సిన బుట్టలో నాలుగున్నాయి. కందిపప్పు డబ్బాలో నేను చదునుగా సర్ది ఉంచిన పప్పు మధ్యలో పిడికిలి దిగినట్టు గుంట పడి ఉంది. వేరే ఎవరైనా అయితే మరిచిపోయి ఉంటాంలే అనుకుని ఊరుకునేవారు. నా తత్వం అది కాదు. రోజుకు పది అబద్ధాలు చెప్పి జనాన్ని ఆడించే మనిషికి ఒక చిక్కుంది. ఎదుటివాళ్లు నోరు తెరిచినా, మూసుకున్నా, వెనకాల ఏదో దాస్తున్నారనే అనిపిస్తుంది.

అప్పుడు నాకు నలభై ఆరేళ్లు. విశాఖపట్నంలో క్రేన్లు బాగుచేసే ఓ చిన్న కంపెనీలో పని. జంషెడ్‌పూర్ కార్ఖానాలో ఒక షెడ్డు మూసి మరమ్మతులు చేస్తుంటే నన్ను ఆరు వారాలకు అక్కడికి పంపారు. కొత్త రాష్ట్రం వచ్చి ఎంతోకాలం కాలేదు, కొన్ని దుకాణాల బోర్డుల మీద ఇంకా బీహార్ అనే ఉండేది. కంపెనీవాళ్లు కాసిడీహ్‌లో, సాక్చీ బజారు సందడి కిటికీలోంచి లోపలికి వచ్చి కూర్చునేంత దగ్గరలో, ఒక అపార్ట్‌మెంటు హోటల్లో దించారు. పేరుకు హోటలు, కానీ ప్రతి గదీ ఓ చిన్న సంసారం. పడకగది, హాలు, గ్యాసు పొయ్యి ఉన్న వంటగది, మోకాలెత్తు ఫ్రిజ్జు, నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు. ప్రతి సోమవారం బియ్యం, పప్పు, పంచదార, టీపొడి, ఉల్లిపాయలు హోటలువాళ్లే నింపి పెడతారు. రోజూ పది గంటలకు ఒక ఆవిడ వచ్చి ఊడ్చి, తడిగుడ్డ పెట్టి వెళుతుంది. కింద బల్ల వెనక మేనేజరు, అతని వెనక గోడకు కొట్టిన చెక్క మీద అన్ని గదుల రెండో తాళంచెవులూ వేలాడుతుంటాయి.

ఆ రెండో తాళంచెవి మొదటిరోజే నా కంట్లో పడింది. దానికి తోడు తలుపుకు ఉండే అద్దపు కన్ను. బయట ఎవరొచ్చారో లోపలివాడు చూసుకోవడానికి పెడతారు కదా. నా గదికి దాన్ని తిరగేసి బిగించారు. నేను కన్ను పెట్టి చూస్తే వరండా చివర ఆవగింజంత కనిపించేది. బయటినుంచి చూస్తే మాత్రం హాలు దాటి నా మంచం, మంచం మీద లుంగీ, లుంగీ మీద పువ్వులు కూడా కనిపించేవి. మేనేజరుతో చెబితే, "సేఫ్టీ కే లియే హై, సర్" అన్నాడు. ఎవరి సేఫ్టీకో చెప్పలేదు. దాని మీద నేను దెబ్బకు వేసే ప్లాస్టరు ముక్క అంటించాను.

ఇంతకీ ఆ ఊళ్లో నాకు ఇల్లు లేక కాదు. నేను పుట్టి పెరిగింది బర్మామైన్స్ రైల్వే క్వార్టర్లలోనే. మా అప్ప, అంటే అక్క, పెళ్లయ్యాక కూడా అక్కడే స్థిరపడింది. బావ టాటానగర్‌లో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. సొంత అప్ప నాలుగు మైళ్ల దూరంలో ఉండగా తమ్ముడు హోటల్లో దిగడమంటే మా వాళ్లలో అది చిన్న విషయం కాదు. వీధిలో పది ఇళ్లు చర్చించుకుంటాయి. కానీ ఆ ఇంట్లో ఉన్నవి రెండు గదులు, ఒక స్నానాలగది. బావ గురక గూడ్సు బండి పెట్టెలన్నీ ఒకదానికొకటి తగులుకున్నట్టు ఉంటుంది. అన్నిటికన్నా మించి అప్ప ప్రశ్నలు. ఆరు వారాలపాటు నన్ను ఎవరూ ఏమీ అడగని చోట ఉండాలని నాకు కోరిక.

ఆ మాట చెప్పలేక విశాఖపట్నం నుంచే ఫోను చేసి ఒక కథ అల్లాను. నా దగ్గర ఒక విదేశీ క్రేను తాలూకు రహస్య డ్రాయింగులున్నాయని, వాటిని తాళం వేసిన సంచిలో పెట్టి కంపెనీ చూపించిన గదిలోనే ఉంచాలని, ఆ గదిలోకి రక్తసంబంధీకులు కూడా అడుగు పెట్టకూడదని నా చేత సంతకం పెట్టించుకున్నారని చెప్పాను. అంతటితో ఆపి ఉంటే సరిపోయేది. మెట్ల మీద మఫ్టీలో ఒక పోలీసు కూర్చుంటాడని కూడా చెప్పాను.

అప్ప గొంతు తగ్గించింది.

"పోలీసా?"

"మఫ్టీలో."

"ఓహో. మరి తిండో?"

"గదిలో పొయ్యి ఉందప్పా. అన్నం వండుకుంటాను."

"అన్నమొక్కటే నాకుతావేటి? మీ బావ రోజూ కూరగాయలకి సాక్చీ వత్తాడు. కూర గిన్నెలో పెట్టి కిందన ఇచ్చీసి వచ్చీమంటాను. పోలీసుకి అభ్యంతరం లేదు కదా?"

అలా కుదిరింది ఏర్పాటు. పదకొండు గంటల వేళ బావ స్కూటరు మీద వచ్చి మూత ఉన్న స్టీలు గిన్నె మేనేజరు బల్ల మీద పెడతాడు. ఊడ్చే ఆవిడ దాన్ని పైకి తెచ్చి ఫ్రిజ్జులో పెడుతుంది. ముందురోజు గిన్నె కడిగి కిందికి తెస్తే బావ పట్టుకుపోతాడు. అప్ప దగ్గర అలాంటి గిన్నెలు రెండున్నాయి, ఒకటి వస్తుంటే ఒకటి పోతుంటుంది. సాయంత్రం నేను ఫ్రిజ్జు తెరిచేసరికి వంకాయో, బెండకాయో, చింతచిగురు పప్పో ఉండేది. తిని గిన్నె తొట్టిలో పడేసేవాణ్ని. పడేసిన గిన్నె ఏమవుతుంది, ఎలా వెళుతుంది అన్నది నలభై ఆరేళ్లలో ఏనాడూ ఆలోచించలేదు. గిన్నెలు వాటంతట అవే ఇంటికి పోతాయనుకున్నాను కాబోలు.

ఇక పంచదార దొంగ ఎవరు? ముందు నా అనుమానం మేనేజరు మీదకు పోయింది. కానీ ఆ సోమ, మంగళవారాలు అతను సెలవులో ఉన్నా పంచదార దిగింది. మిగిలింది ఊడ్చే ఆవిడ.

ఆవిణ్ని నేను అంతకు ముందు సరిగా చూసింది ఒక ఆదివారం. యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, హోటలువాళ్లిచ్చిన నీలం అంచు చీర. మెడలో తాడుకు ఫోటో ఉన్న డ్యూటీ కార్డు. పని చేసేటప్పుడు కొంగు బొడ్లో దోపుకున్నా కార్డును మాత్రం కొంగు పైకి తీసి కనిపించేలా వేసుకునేది. నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని తనే పలకరించింది.

"బాబుగారు మనవోలేనా? నేను మేనేజరులాగ హిందీ ఆయన అనుకున్నాను."

"నీదెక్కడమ్మా?"

"బర్మామైన్స్‌లో, పట్టాల ఎనకాల. మా మావ స్టేషన్లో కూలీ చేసీవోడు. పోనాడు." కార్డును వేళ్లతో తుడిచింది. "ముప్పై ఏళ్లు ఇళ్లల్లో అంట్లు తోమినాను బాబూ. ఏ గేటు కాడికెల్లినా, 'కౌన్ హై, కిధర్ జాతీ హై' అనీవోరు, ఎవులు నువ్వు, ఎక్కడికని. ఈ కార్డు వచ్చి తొమ్మిది నెలలయినాది. ఇప్పుడెవుడూ అడగడు. ఇది సూపిత్తే సాలు, తలుపు తీసీత్తారు."

ఆ మాట నాకు గుర్తుంది. గుర్తుండి కూడా, మంగళవారం సాయంత్రం సీసా పక్కన నిలబడి, 'ఇంత కలుపుగోలుగా మాట్లాడిందంటే అప్పుడే ఏదో లెక్కేసుకుంది' అనుకున్నాను.

అదే సమయంలో ఇంకోవైపు నుంచి నా మీద అనుమానం పెరుగుతోందని నాకు తెలియదు. అప్ప రెండు రోజులకోసారి ఫోను చేసేది. ఎత్తగానే మా మేనకోడలి గొంతు ముందు వినిపించేది: "మామా, మమ్మీ కో దేతీ హూఁ. ఆజ్ మూడ్ ఠీక్ నహీ హై." ఈవేళ అమ్మ మూడ్ బాగోలేదని హెచ్చరిక. ఆ పిల్లతో ఎంత తెలుగులో మాట్లాడినా జవాబు హిందీలోనే వచ్చేది. తర్వాత అప్ప.

"గిన్నె అద్దంలాగ మెరిసిపోతందిరా. ఎవులు తోముతున్నారు?"

ఊడ్చే ఆవిడ అని చెబితే సరిపోయే ప్రశ్న. కానీ మెచ్చుకోలు నా దాకా వచ్చి వేరేవాళ్లకు పోవడం నాకు నచ్చదు.

"నేనేనప్పా."

"నువ్వా?"

"పని నుంచి రాగానే ముందు అదే పని. చింతపండు పెట్టి తోముతాను."

"ఓహో. మరి మిగతాయన్నీ కూడా నువ్వే చేత్తన్నావేటి?"

"అన్నీ నేనే."

"అన్నీ?"

"అన్నీ."

"సరేలే. మొగోడి చెయ్యేదో ఆడదాని చెయ్యేదో నాకు తెలీదేటి." కాస్త ఆగి, "మరదలికి ఫోను చేత్తన్నావా? ఎలాగుంది? పాపం."

మా ఆవిడ విశాఖపట్నంలో నిక్షేపంగా ఉంది. ఆ 'పాపం' ఎందుకో నాకు అర్థం కాలేదు.

"అవునుగానీ, మరదలు నాకేటీ పంపలేదేట్రా?"

"జంతికలు పంపిందప్పా. దారిలో ఓ స్టేషన్లో కోతులు ఎత్తుకుపోయాయి. డబ్బాతో సహా."

"డబ్బాతో సహా," అంది అప్ప. ఫోను పెట్టేసింది.

గురువారం పొద్దున్న సీసా చూస్తే గీత కింద ఇంకో అంగుళం ఖాళీ. ఇక తట్టుకోలేక మేనేజరు దగ్గరికి వెళ్లాను. నా గదిలో పంచదార పోతోందన్నాను. నవ్వి, ఇంకో కిలో పైకి పంపిస్తానంటాడని అనుకున్నాను. నిజానికి అంతకు మించి నాకు ఏమీ అక్కర్లేదు.

అతను నవ్వలేదు. కుర్చీలోంచి లేచి, అటూ ఇటూ చూసి, బల్ల మీదికి వంగాడు.

"సర్, ఆప్ కే జీజాజీ నే బతాయా." మీ బావగారు చెప్పారు.

"ఏమని?"

"డ్రాయింగ్స్ కే బారే మే."

రైలు గార్డుగా ముప్పై ఏళ్లు ఒంటరిగా చివరిపెట్టెలో కూర్చున్న మనిషికి, బల్ల అవతల వినేవాడు ఒకడు దొరికితే ఊరుకుంటాడా? నా రహస్య డ్రాయింగుల సంగతి, సంతకం సంగతి మేనేజరుకు పూసగుచ్చినట్టు చెప్పాడు. మెట్ల మీద పోలీసు ఎవరో కనిపెట్టాలని మేనేజరు పది రోజులుగా ప్రతి అతిథినీ పరీక్షగా చూస్తున్నాడట. పంచదార వంకతో గదిలో తిరిగే మనిషి అసలు దేనికి తిరుగుతోందో మీకు అర్థం కావడం లేదా అని అడిగాడు.

డ్రాయింగులూ లేవు, గాడిదగుడ్డూ లేదు అని చెప్పాల్సిన క్షణం అదే. కానీ అంత శ్రద్ధగా, అంత భయంగా నా నోటివంక చూసే శ్రోత దొరికి ఎన్నాళ్లయిందో. నా ప్రమేయం లేకుండానే నోరు కదిలింది.

"నిన్న ఆ సంచి పెట్టిన చోట లేదు. జానెడు జరిగి ఉంది."

 మేనేజరు వెంటనే హోటలు యజమానికి ఫోను చేశాడు. ఫోను పెట్టి నాతో చెప్పాడు: రేపు ఆమె కిందికి వచ్చేటప్పుడు చేతిలో ఏముందో చూస్తారు. పట్టుబడితే అక్కడికక్కడే కార్డు తీసేసుకుంటారు. ఊళ్లోని మిగతా హోటళ్లకు కూడా కబురు పంపుతారు. తర్వాత పోలీసు స్టేషను.

"చీనీ కే లియే?" అన్నాను. పంచదారకా?

"చీనీ కే లియే నహీ, సర్," అన్నాడు, నేనేదో చిన్నపిల్లాణ్నయినట్టు.

మెట్లెక్కుతుంటే ఆవిడ వేళ్లతో కార్డు తుడుచుకోవడం గుర్తొచ్చింది. కానీ నా లోపలి అనుమానం దానికి కూడా సమాధానం సిద్ధంగా ఉంచింది: తియ్యకపోతే పట్టుబడదు కదా.

మర్నాడు పనికి బయల్దేరినట్టు తాళంచెవి గిరగిరా తిప్పుకుంటూ మేనేజరు ముందునుంచి బయటికి వెళ్లి, సందు తిరిగి, వెనకమెట్ల మీదుగా మళ్లీ గదిలోకొచ్చాను. పడకగది తలుపు వెనక కుర్చీ వేసుకున్నాను. వంటగది కనిపించేటట్టు తలుపు వేలెడు తెరిచి ఉంచాను.

పది గంటలకు తాళం తిరిగింది. ఆవిడ వచ్చింది. హాలు ఊడ్చింది. బల్ల కింద ఉన్న నా సంచి దగ్గరికి రాగానే నేను తలుపు సందుకు కన్ను ఆనించాను. ఆవిడ దాన్ని తాకలేదు. చుట్టూ గుడ్డ తిప్పి, సంచి ఉన్న మేర పొడిగా వదిలేసింది. తర్వాత వంటగదిలోకి వెళ్లి నేను తొట్టిలో పడేసిన గిన్నె తీసి తోమింది. తోమి, వెలుగులోకి ఎత్తి చూసి, మళ్లీ ఒకచోట తోమింది. పొడిగుడ్డతో తుడిచింది. అప్పుడు పంచదార సీసా మూత తిప్పింది.

మూడు చెంచాలు. ఒక్కొక్కటీ నింపాదిగా, ఇంట్లోవాళ్లకు వేస్తున్నట్టు. నాలుగోది సగం వేసి, ఏమనుకుందో, ఆ సగం తిరిగి సీసాలోనే వేసింది. గిన్నెకు మూత పెట్టి, రెండు చేతులా పట్టుకుని బయటికి నడిచింది. కొంగు కింద దాచలేదు. అది గమనించి ఉండాల్సింది. నేను దొరికిపోయిందన్న సంబరంలో చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే దిగాను.

కింద నేను ఊహించనిది ఒకటుంది. బల్ల దగ్గర బావ ఆనాటి గిన్నెతో నిలబడి ఉన్నాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అప్ప, పట్టుచీరలో, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మెట్ల మీదే ఉంచి కూర్చుంది. తమ్ముడి గదిలో ఉంటున్న ఆడమనిషి ఎవరో తేల్చుకోవడానికి స్కూటరెక్కి వచ్చింది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఊడ్చే ఆవిడ ఆఖరి మెట్టు దిగగానే మేనేజరు అడ్డం వచ్చాడు.

"రుకో. ఖోలో."

ఆవిడ మూత తీసింది. మేనేజరు లోపలికి చూసి, నావంక చూసి, తల పంకించాడు. చెయ్యి చాచాడు.

"కార్డ్ దో."

"ఏటయినాది బాబూ?" అంది ఆవిడ, అతన్ని కాదు, నన్ను. నేను చేతిలోని చెప్పులవంక చూశాను. ఆవిడ చేతులు రెండూ గిన్నె మీద ఉన్నాయి. మేనేజరే ఆవిడ మెడలోంచి తాడు పైకి తీశాడు. అది జడకు చిక్కుకుంది. లాగాడు.

అప్ప కుర్చీలోంచి లేచింది.

"ఆగండాగండి. ఆ గిన్నె నాది." ఆవిడ దగ్గరికి వచ్చి గిన్నెలోకి చూసింది, తర్వాత మొహంలోకి. "అమ్మీ, రోజూ ఇందలో పంచదార, ఉల్లిపాయలు, పప్పు పెట్టి పంపినది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ఈ బాబు పెట్టమన్నాడా?"

"దానికి సెప్పాలేటమ్మా?" ఆవిడకు నిజంగానే ప్రశ్న అర్థం కాలేదు. "తమ్ముడింట్లోంచి అప్పగారింటికెల్లే గిన్నె. ఉట్టిది ఎలాగ పంపుతాం? పంపితే నామోషీ బాబుగారికే కదా. మొగోళ్లకి ఇయ్యన్నీ తెల్దు, ఆడోళ్లెవులూ లేరు, నేనే సూసుకున్నాను."

ముందు అప్ప మొహం మీంచి ఒక పెద్ద బరువు దిగిపోయినట్టయింది. ఆ తర్వాత నావైపు తిరిగింది.

"చింతపండు పెట్టి తోమినావు. కదూ?"

నేను నా చెప్పులు కింద పెట్టి తొడుక్కున్నాను.

మేనేజరుకు తెలుగు రాదు. బావ హిందీలో విడమరిచి చెప్పాడు: మా ఇళ్లల్లో వంటకం వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు, గుప్పెడు ఏదో ఒకటి వేసి పంపుతారు, ఆమె చేసింది దొంగతనం కాదు, మర్యాద. మేనేజరు విన్నాడు. కార్డు మాత్రం వదల్లేదు.

"చీనీ ఠీక్ హై. బ్యాగ్?"

సంచి జరిగిందని సారే స్వయంగా చెప్పారు కదా అన్నాడు. అందరూ నావైపు చూశారు.

"బేగు నేను ముట్టుకోనేదు బాబూ," అంది ఆవిడ. "రాజుగారి నగల్లాగ దాని సుట్టూతా తుడుత్తన్నాను. మీరే సెప్పండి."

చెప్పడానికి నా దగ్గర ఒక్క క్షణంలో మూడు కథలు తయారయ్యాయి. ఎలక. గోడ అవతల యంత్రం అదురు. నిద్రలో నడిచే అలవాటు. మూడోది బాగుందనిపించి, "ఒక్కోసారి నాకు నిద్రలో..." అని మొదలుపెట్టాను.

"ఒరే," అంది అప్ప.

అంతే. గొంతు పెంచలేదు. నేను పైకి వెళ్లి సంచి తెచ్చి బల్ల మీద పెట్టి తాళం తీశాను. ఒక్కొక్కటీ బయటికి తీసింది బావ. పాత వారపత్రికలు పన్నెండు. పేకముక్కల కట్ట. మానేశానని అప్ప చేతిలో చెయ్యి వేసి చెప్పిన సిగరెట్లు, రెండు పెట్టెలు. అడుగున ఒక రేకు డబ్బా, మూత మీద మా ఆవిడ చేతిరాతతో 'వదినకు' అని ఉంది. బావ మూత తీశాడు. జంతికలు అడుగున పావువంతు మిగిలున్నాయి.

"కోతులు," అంది అప్ప.

మేనేజరు సంచిని తిరగేసి దులిపాడు. "డ్రాయింగ్స్?"

"నహీ హై. కభీ నహీ థే," అన్నాను. లేవు, ఎప్పుడూ లేవు.

అతను నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా ఒక కన్ను మూసి తెరిచాడు. "సమఝ్ గయా, సర్." ఇంతమంది ముందు ఒప్పుకోలేరు కదా, డ్రాయింగులు ఇంకెక్కడో భద్రంగా ఉన్నాయన్నమాట, నాకు అర్థమైంది, అని దాని భావం. నేను జీవితంలో చెప్పిన అబద్ధాలన్నీ, అప్ప తప్ప, జనం నమ్మారు. ఆరోజు చెప్పిన ఒక్క నిజాన్ని మాత్రం అతను నమ్మలేదు. కార్డును సొరుగులో వేసి మూశాడు.

ఆవిడ చెయ్యి ఆ సొరుగు వైపు కొంచెం లేచి, మళ్లీ గిన్నె మీదికి వెళ్లింది.

"రాసియ్యి," అన్నాడు బావ. "కాయితం మీదుంటే ఈళ్లు కాదనరు. రైల్వేలోనూ అంతే."

బల్ల పక్కనే కూర్చుని హిందీలో రాశాను. అప్ప నా పక్కన కుర్చీ వేసుకుని, రాసిన ప్రతిదీ తెలుగులో చదివించుకుంది. మొదటిసారి, నా పని ఒత్తిడి గురించి నాలుగు వాక్యాలు వచ్చాయి. "అది తీసీ." రెండోసారి, ఆవిడ నిజాయితీని నేను మొదటినుంచీ గమనిస్తున్నానని రాశాను. "గమనించినావా? తీసీ." మూడోసారి ఏదో భ్రమ పడ్డానన్నాను. "భ్రమా?" ఆఖరికి కాగితం మీద రెండే వాక్యాలు మిగిలాయి. నా గదిలోంచి ఏదీ పోలేదు. సంచి జరిగిందని నేను చెప్పింది అబద్ధం. కింద సంతకం పెట్టాను.

మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, యజమానికి ఫోనులో చదివి వినిపించి, సొరుగు తెరిచాడు. కార్డు అయితే ఇచ్చాడు. కానీ ఆవిడను నాలుగో అంతస్తుకు మార్చాడు. ఇకమీదట ఏ గదిలోంచీ ఏ వస్తువూ కిందికి రాకూడదన్నాడు. ఆవిడ కార్డు మెడలో వేసుకుంది. తాడు ఒకచోట తెగిపోతే ముడి వేసింది. చేతిలో ఉన్న గిన్నెను ఏం చెయ్యాలో తెలియక మేనేజరు బల్ల మీద పెట్టింది. బావ తియ్యలేదు, నేనూ తియ్యలేదు. చివరికి అప్పే తీసి సంచిలో పెట్టుకుంది.

"సామాను సర్దు," అంది నాతో.

మిగిలిన పదిహేను రోజులూ బర్మామైన్స్‌లో, బావ గురక పక్కనే ఉన్నాను. అప్ప ప్రశ్నలు అడుగుతుందని భయపడ్డాను. అడగలేదు.

మూడో రోజున కొబ్బరి ఉండలు చేసి, అదే గిన్నెలో పెట్టి, పనికి వెళుతూ హోటల్లో ఆవిడకు ఇచ్చి రమ్మంది. ఇచ్చాను. "మీకెందుకు బాబూ ఈ శ్రమ," అంది ఆవిడ. బాగానే పలకరించింది. బర్మామైన్స్ కబుర్లు మాత్రం చెప్పలేదు.

మర్నాడు గిన్నె తీసుకోవడానికి వెళితే, మేనేజరు బల్ల దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే మూత తీసి, గిన్నెను ముందు మేనేజరు వైపు వంచి, అతను చూశాడని నిర్ధారించుకున్నాక నాకు ఇచ్చింది. అద్దంలా తోమి ఉంది. లోపల ఏమీ లేదు. మూత విడిగా నా రెండో చేతిలో పెట్టింది.

సాక్చీ బజారులో ఒక కిరాణా కొట్టు ముందు బావ స్కూటరు ఆపాను. గుప్పెడు పంచదార కొని అందులో వేసి ఇస్తే అప్పకు ఎప్పటికీ తెలియదు. కొట్టువాడు, "క్యా దూఁ?" అని రెండుసార్లు అడిగాడు. ఏమీ వద్దని చెప్పి వచ్చేశాను.

అప్ప మూత తీసి చూసింది.

"దారిలో తినీసినావేటి?"

"లేదప్పా. ఉట్టిదే ఇచ్చింది."

నా మొహంలోకి చూసింది. నేను అబద్ధం చెప్పేటప్పుడు ఎడమకన్ను ఎలా ఉంటుందో చిన్నప్పటినుంచీ ఆమెకు తెలుసు. చాలాసేపు చూసింది. నమ్మింది. ఆ ఒక్కసారి నమ్మకపోతే బాగుండునని నాకు అనిపించింది.

"ఎలాగిచ్చినాది?"

చెప్పాను. మూత తీసి మేనేజరుకు చూపించడం కూడా.

అప్ప గిన్నెను కడిగిన గిన్నెల వరసలో బోర్లించింది. మళ్లీ తీసింది.

"రేపు సలివిడి చేత్తాను. పట్టుకెల్లు."

"మళ్లీ ఉట్టిదే వస్తే?"

"వత్తాది," అంది అప్ప, బియ్యం డబ్బా మూత తీస్తూ. "మనం పంపినన్నాళ్లూ అలాగే వత్తాది. నువ్వు పట్టుకెల్లు."

రైలెక్కే రోజు దాకా పట్టుకెళ్లాను.